వయసు మీదికి నెట్టేయకండి

"వయసు కదా, క్రియాటినిన్ కాస్త పెరగడం మామూలే." డెబ్బై అయిదేళ్ల పెద్దావిడతో అన్నప్పుడు ఈ మాట నిజం కావచ్చు. కానీ మన ఊళ్లలో ఇదే మాట నలభై అయిదేళ్ల రైతుకూ చెబుతున్నారు, పదేళ్లుగా షుగరుతో నెట్టుకొస్తున్న ఆటో డ్రైవరుకూ చెబుతున్నారు. వాళ్లు హమ్మయ్య అనుకుని ఇంటికి పోతున్నారు. కిడ్నీ జబ్బు నొప్పి పెట్టదు. సగానికి మించి పని పోయినా చాలామందికి ఏ బాధా తెలియదు. ముఖం ఉబ్బి, అన్నం సయించక, ఆయాసంతో వచ్చేనాటికి ఇక మాట్లాడుకోవడానికి మిగిలేది డయాలసిస్ గురించే.

వయసుతో కిడ్నీ తగ్గుతుందన్నది అబద్ధమేమీ కాదు. ఇరవైల్లో ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడకట్టే గొట్టాలు, ఉంటాయి. డెబ్బై దాటేసరికి ఏ జబ్బూ లేనివాళ్లలోనూ దాదాపు సగం పోతాయి. కిడ్నీ దానానికి ముందుకొచ్చి, అన్ని పరీక్షల్లోనూ నెగ్గినవాళ్ల కిడ్నీలను చూసే ఈ సంగతి తేల్చారు. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అని రాసే వడపోత వేగం పడుచు వయసులో 100కు అటూ ఇటూగా ఉండి, నలభై దాటాక ఏడాదికి ఇంచుమించు 1 చొప్పున దిగుతుంది. ఈ దిగుడు నెమ్మదైనది. దీనివల్ల మూత్రంలో ప్రొటీన్ పోదు. అంకె ఏడాదికి 5కు మించి పడిపోతుంటే మాత్రం దాన్ని వయసు ఖాతాలో రాయడానికి వీల్లేదు.

పొరపాటు ల్యాబ్ కాగితం దగ్గరే మొదలవుతుంది. క్రియాటినిన్ ఎదురుగా 1.1, పక్కన నార్మల్ 0.6 నుంచి 1.2 అని ఉంటుంది. కింద గీత లేదు, బొద్దక్షరం లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. కానీ క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. కండ కరిగిపోయిన మనిషిలో కిడ్నీ ఎలా ఉన్నా అది తక్కువగానే తయారవుతుంది. ఈజీఎఫ్‌ఆర్ కట్టడానికి 2021లో వచ్చిన లెక్క ప్రకారం చూస్తే, 1.1 ఉన్న డెబ్బై అయిదేళ్ల స్త్రీకి ఈజీఎఫ్‌ఆర్ 52. 1.5 ఉన్న ముప్పై అయిదేళ్ల మగవాడికి 62. అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం 60కి దిగువన మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక జబ్బే. అంటే ఆవిడ మూడో దశ రోగి. అతని మూత్రంలో ప్రొటీన్ లేకపోతే గట్టెక్కినట్టే.

ఇద్దరిలో ఎవరిని చూసి కంగారుపడాలి? ఆవిడ మూత్రం శుభ్రంగా ఉండి, అంకె కొన్నేళ్లుగా అక్కడక్కడే తిరుగుతుంటే అది చాలావరకు వయసు చేసిన పనే. అతనో, తన ఈడువాళ్లకు ఉండాల్సిన దాంట్లో మూడో వంతుకు పైగా అప్పుడే పోగొట్టుకున్నాడు. (కసరత్తుతో కండలు పెంచినవాడైతే సంగతి వేరు. అది తేల్చడానికి సిస్టాటిన్-సి పరీక్ష ఉంది.) అందుకే కొందరు యూరప్ నెఫ్రాలజిస్టులు నలభైకి లోపు వాళ్లకు 75, అరవై అయిదు దాటినవాళ్లకు 45 హద్దుగా పెట్టాలని 2019 నుంచీ వాదిస్తున్నారు. అంతర్జాతీయ మార్గదర్శకాలు 2024లోనూ 60 దగ్గరే ఆగాయి. పెద్దవాళ్ల మీద లేనిపోని రోగి ముద్ర పడకూడదన్న ఆందోళనలో న్యాయం ఉంది. కానీ మన దగ్గర ఎక్కువ ప్రాణాల మీదికి వచ్చేది ఆ వాదనలోని రెండో కొస, గీతకు కాస్త పైనున్న పడుచువాళ్లను వదిలేయడం.

వయసునూ జబ్బునూ విడదీయడానికి చవకైన దారి మూత్రమే. ఒక్కపూట మూత్రంలో ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో పోల్చి చూస్తారు. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటి, మూడు నెలల తర్వాత చూసినా అలాగే ఉంటే, ఈజీఎఫ్‌ఆర్ 90 ఉన్నా అది జబ్బే. షుగరు ఉన్నవాళ్లలో చాలాసార్లు క్రియాటినిన్ కదలకముందే ఇది బయటపడుతుంది. అయినా ఏళ్ల తరబడి షుగరు మందులు వాడుతూ ఈ పరీక్ష పేరే విననివాళ్లు మన చుట్టూ కోకొల్లలు.

ఈ పరీక్ష కూడా మోసం చేసే చోటు ఒకటి మన గడ్డ మీదే ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే కూలీలను, రైతులను పట్టుకున్న జబ్బు కిడ్నీ గొట్టాలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. చాలామందికి షుగరు ఉండదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, మంచిదే. కానీ అక్కడ మూత్రంలో పట్టీ ముంచి చూసి "బాగానే ఉంది" అని పంపేస్తే రోగిని చేతులారా వదిలేసినట్టే. అక్కడివాళ్లకు రక్త పరీక్ష, అదీ మళ్లీ మళ్లీ, తప్పనిసరి.

ఇక మరో ప్రమాదం ఇళ్లలో జరుగుతోంది. క్రియాటినిన్ పెరిగిందనగానే పెద్దాయనకు పప్పు మాన్పిస్తారు, గుడ్డు మాన్పిస్తారు, పెరుగు కూడా నీళ్ల మజ్జిగైపోతుంది. ఎవరో చెప్పిన పసరు మొదలుపెడతారు. ఆరు నెలలకు మనిషి చిక్కి శల్యమవుతాడు, కండ కరుగుతుంది, క్రియాటినిన్ 1.6 నుంచి 1.3కు దిగుతుంది. మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు! కిడ్నీ బాగుపడి ఉండకపోవచ్చు, కండ పోయిందంతే. వయసుతో తగ్గిన కిడ్నీకి ఇలాంటి పథ్యం అక్కర్లేదు. జబ్బు ముదిరినవాళ్లకు కూడా ఎంత తగ్గించాలన్నది డాక్టరు తూకం వేసి చెప్పాలి.

వయసు వల్ల తగ్గిందే అయినా నిశ్చింతగా ఉండమని కాదు. అలాంటి కిడ్నీకి తట్టుకునే ఓపిక తక్కువ. మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ సూది, మందుల షాపులో అడిగితే చేతిలో పెట్టే ఎసిక్లోఫెనాక్ గోలీ, దానికి తోడు రోజూ వేసుకునే బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర. పైగా మే నెల ఎండలో రెండు రోజులు విరేచనాలు. ఇవన్నీ ఒకేసారి పడితే నిన్నటిదాకా బాగున్న కిడ్నీ వారంలో చతికిలబడుతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే దిగితే ఆపాల్సిందే. రాసే డాక్టరు ఆ అంకె అడగకుండా చీటీ రాస్తే ఎట్లా?

ల్యాబులు క్రియాటినిన్ పక్కనే ఈజీఎఫ్‌ఆర్‌ను, వీలుంటే పాత అంకెలను కూడా అచ్చువేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ బీపీ, షుగరు పట్టుబడిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రం ఆల్బుమిన్ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయించాలి. డయాలసిస్ యంత్రాలు పెంచామని చెప్పుకోవడం కంటే ఇది కష్టమైన పని, ఓట్లు రాల్చని పని. కిడ్నీ పతనాన్ని నెమ్మదింపజేసే మాత్రలు ఇప్పుడు ఉన్నాయి. షుగరు లేనివాళ్లలోనూ డపాగ్లిఫ్లోజిన్ పనిచేస్తుందని 2020లో రుజువైంది. మన దేశంలో దాని పేటెంటు తీరి ధర కూడా దిగింది. కానీ ఆ మాత్ర ఉన్న నెఫ్రాన్లనే కాపాడుతుంది, పోయినవాటిని తెచ్చివ్వదు.