చిప్పుకి తెలుగు రాకపోతే మాటనే దీపం చేద్దాం

ఎలక్ట్రానిక్స్ సరదా పట్టిన ప్రతివాడూ ఏదో ఒక రోజు 16×2 ఎల్‌సీడీ కొంటాడు. దాన్ని నడిపేది హిటాచీ వాళ్ళ హెచ్‌డీ 44780 చిప్పు, లేదా దానికి నకలు. ఆ చిప్పు బాగా ప్రచారంలో ఉన్న రకంలో ఇంగ్లీషు అక్షరాలతో పాటు జపాన్ వాళ్ళ కతకానా కూడా ఉంది. చేసింది వాళ్ళు, వాళ్ళ అక్షరాలు పెట్టుకున్నారు. తప్పేం లేదు. మనకి మిగిలింది సొంతంగా గీసుకోటానికి ఎనిమిది గళ్ళు, ఒక్కోటీ 5×8 చుక్కలు. అందులో 'క్ష్మి' రాసి చూపించండి, చూద్దాం!

అందుకే మనలో చాలామంది తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేసి చేతులు దులుపుకుంటాం. నేననేది ఏంటంటే, చూపించాల్సిన మాటలు నాలుగైదే అయితే అక్షరాల జోలికే పోనక్కర్లేదు. మాట మొత్తాన్నీ ఒక సెగ్మెంటు చేసెయ్యొచ్చు. వాషింగ్ మెషీన్ మీద వెలిగే తాళం బొమ్మ అలాంటిదే కదా.

ఉదాహరణకి కారంపూడి తీసుకోండి. అక్కడ వీరుల గుడి దగ్గర ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పల్నాటి వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రోజుకో పేరు. గుడి ముందు 'ఈ రోజు ఏంటి' అని చెప్పే బోర్డు పెట్టాలంటే కావాల్సిన మాటలు ఈ ఐదే. పండగకి ముందు 'ఇంకా ఫలానా రోజులు' అని చూపటానికి ఇంకో గడి, రెండు అంకెలు. మొత్తం ఎనిమిది.

మాక్స్ 7219 అనే చిప్పు సరిగ్గా ఎనిమిది అంకెల్ని నడుపుతుంది, అంకెకి ఎనిమిది ఎల్ఈడీలు. రెండు అంకెలు మామూలు సెవెన్ సెగ్మెంట్లు. మిగతా ఆరింటి బదులు ఒక్కో మాట వెనక ఎనిమిదేసి ఎల్ఈడీలు. డీకోడ్ మోడ్ ఆపేసి మూడో రిజిస్టర్లో 255 రాస్తే చిప్పు లెక్కలో అది మూడో అంకె, జనం కంటికి 'రాచగావు'. ఆర్డుయినో నుంచి దీనికి మూడు తీగలు, డీఎస్ 3231 గడియారానికి రెండు. కరెంటు పోయినా గడియారం బిళ్ళ బ్యాటరీ మీద నడుస్తుంది. తిథి లెక్కలు కోడులో పెట్టొద్దు. పంచాంగం చూసి ఏడాదికోసారి అమావాస్య తేదీ బటన్లతో కొడితే చాలు.

అక్షరాలు ఎవరు చేస్తారంటారా? నంబరు ప్లేట్లకి స్టిక్కర్లు కోసే రేడియం షాపు వాళ్ళు. పాల రంగు అక్రిలిక్ షీటు మీద నల్ల స్టిక్కరు అంటించి, అక్షరాల మేర తీసేస్తే అయిపోయింది. వత్తులూ గుణింతాలూ చక్కగా వస్తాయి. గడికీ గడికీ మధ్య అట్టముక్క అడ్డం పెట్టకపోతే మాత్రం రాయబారం వెలుగు మందపోరులోకి పాకుతుంది.

లోపాలు లేవని కాదు. ఎనిమిది గళ్ళూ వంతులవారీగా వెలుగుతాయి కాబట్టి ఒక్కో ఎల్ఈడీకి దక్కేది ఎనిమిదో వంతు సమయమే. ఎర్రటి ఎండలో కనపడదు, నీడలోనో సాయంత్రమో చూడాలి. రేపు ఆరో మాట కావాలంటే బోర్డు విప్పాల్సిందే.

"ఈ గోలంతా ఎందుకు, ఒక టీవీ తగిలిస్తే సరి" అంటారు. టీవీలో తెలుగు బాగానే వస్తుంది, నిజమే. కానీ ఐదు మాటలు చెప్పటానికి ఓ ఆపరేటింగ్ సిస్టమ్, దానికి అప్‌డేట్లు, మధ్యలో ఎర్రర్ మెసేజీలు అవసరమా?

మనం రోజూ ఆఫీసులో ఎక్కడెక్కడి భాషలకో సాఫ్ట్‌వేర్ సర్దుతాం. మన ఊరి బోర్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఇందులో తెలుగు రాదండీ' అంటాం. రానిది రెడీమేడ్ డిస్‌ప్లేకి. ముందు మాటలు ఎంచుకుని, ఆ తర్వాత డిస్‌ప్లే చేసుకుంటే ఆ మాట అనే పని ఉండదు. ఏమంటారు?