తెలుగు వీడ్స్ అరకులో తీయకండి

పోయిన డిసెంబర్లో మా ఆఫీసు టీమ్ అంతా అరకు వెళ్లాం. పదమూడు మందిమి, ఒక టెంపో ట్రావెలర్. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే వెనక సీట్లోంచి ఒకడు ముందుకొచ్చి, డ్రైవర్ భుజమ్మీద చెయ్యేసి, "అన్నా, ఇక్కడ మంచి సరుకు దొరుకుద్దంట కదా, శీలావతి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డ్రైవర్ అద్దంలోంచి మా వైపు ఒకసారి చూసి, "మా బావమరిది ఆ కేసులోనే అరిలోవ జైల్లో ఉన్నాడు సార్. పద్నాలుగు నెలలయింది" అన్నాడు. రెండు మలుపులు తిరిగేదాకా బండిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఎవరో బొంగు చికెన్ సంగతి ఎత్తారు.

రాత్రి రిసార్టులో మంట చుట్టూ కూర్చున్నప్పుడు అదే మనిషి ఇంకో మాట అన్నాడు. "బ్రో, వీడ్స్ లాంటి సిరీస్ ఇక్కడ తీస్తే అదిరిపోద్ది. ఒక ట్రైబల్ విడో, ఇద్దరు పిల్లలు, గంజాయి బిజినెస్. ఫుల్ డార్క్ కామెడీ." ఈ ఐడియా వాడొక్కడిదే అయితే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. 'ఘాటి' వచ్చిన తర్వాత కాస్త సినిమా తెలిసినవాళ్లు కూడా ఇదే మాట అనడం విన్నాను. ఇంత సీరియస్‌గా ఎందుకు తీశారు, హాయిగా అమెరికావాళ్లలా కామెడీ చేయొచ్చు కదా అని. ఆ రాత్రి నేను తలూపి ఊరుకున్నాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. వీడ్స్ అంటే నాకు ఇష్టం. మొదటి మూడు సీజన్లు రెండేసి సార్లు చూశాను. జెంజీ కోహన్ సృష్టించిన ఈ సిరీస్ షోటైమ్‌లో 2005 నుంచి 2012 దాకా, 8 సీజన్లు నడిచింది. బ్రేకింగ్ బ్యాడ్ కంటే దాదాపు రెండున్నరేళ్లు ముందే మొదలైంది. వాల్టర్ వైట్‌కి దక్కిన గుడి నాన్సీ బాట్విన్‌కి దక్కలేదు, అది వేరే గొడవ. కాలిఫోర్నియాలో ఆగ్రెస్టిక్ అనే కల్పిత శివారు ఊరు. అన్ని ఇళ్లూ ఒకే అచ్చు. జాగింగ్ చేస్తూ గుండె ఆగి మొగుడు పోతాడు. ఇద్దరు మగపిల్లలు, పెద్ద ఇల్లు, చేతిలో సంపాదన లేదు. నాన్సీ గంజాయి అమ్మడం మొదలుపెడుతుంది. వీడ్స్ అంటే కలుపు మొక్కలనీ, విధవ కట్టే బట్టలనీ, గంజాయనీ అర్థాలున్నాయి. మూడూ ఆమెకి సరిపోతాయి.

మొదటి ఎపిసోడే చూడండి. స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు. పిల్లలకి కూల్‌డ్రింకులు అమ్మకూడదని నాన్సీ లేచి వాదిస్తుంది. బయటికొచ్చాక ఆవిడ చేసే వ్యాపారం మనకి తెలుస్తుంది. ఆమె ఖాతాదారులెవరు? ఊరి కౌన్సిలర్. అతనే అకౌంటెంట్ కూడా. ఒక లాయరు. పచ్చిక బయళ్లు, స్విమ్మింగ్ పూల్స్ ఉన్న ఇళ్లవాళ్లు. వ్యాపారం కప్పిపుచ్చుకోడానికి ఆమె ఒక బేకరీ పెడుతుంది. సిరీస్‌లో హాస్యమంతా కొనేవాళ్ల మీద, వాళ్ల మర్యాద మీద. నాన్సీకి సరుకిచ్చే హీలియా అనే నల్లజాతి ఇల్లాలు తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఈ తెల్లావిడని చెడామడా ఆటపట్టిస్తుంది. ఆ వంటిల్లే సిరీస్‌కి ప్రాణం. మూడో సీజన్ తర్వాత ఆ మనుషులు దాదాపు మాయమవుతారు, సిరీస్ కూడా అక్కడి నుంచే జావగారిపోతుంది. నా లెక్కలో ఈ రెండూ ఒకటే సంగతి.

ఇంకొకటి, నేను రెండోసారి చూసినప్పుడు గానీ పట్టుకోలేకపోయింది. నాన్సీ జైలుకి వెళ్తుంది. మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఆరో సీజన్‌కీ ఏడో సీజన్‌కీ మధ్య విరామంలో అయిపోతాయి. మనం తలుపు మూసేసరికి లోపలికి వెళ్లింది, తీసేసరికి బయటికొచ్చింది. చివరికి చట్టం మారుతుంది, ఆవిడ గంజాయి కెఫేల గొలుసుకి యజమాని అవుతుంది. అదే దేశంలో, తాగేవాళ్లు రెండు వైపులా ఇంచుమించు సమానమే అయినా గంజాయి కేసుల్లో నల్లవాళ్లు తెల్లవాళ్లకి దాదాపు 4 రెట్లు ఎక్కువగా అరెస్టవుతున్నారని ఏసీఎల్‌యూ 2013లో లెక్క తేల్చింది. నాన్సీ కింద పడ్డ ప్రతిసారీ ఏదో ఒక పరుపు ఉంటుంది కాబట్టే ఆ కామెడీ నడుస్తుంది.

ఆ పరుపు తీసేసి ఇప్పుడు జి.మాడుగులకో, ముంచంగిపుట్టుకో, జి.కె.వీధికో రండి. అరకు అని నోరారా అంటారు గాని, పేపర్లలో గంజాయి వార్తలకి ఎక్కువగా కనబడే పేర్లు ఇవి, వీటికి అవతల ఒడిశాలో కొరాపుట్, మల్కన్‌గిరి కొండలు. అరకు పేరు మనకి రైలు సీటు దొరికింది కాబట్టి తెలుసు, అంతే.

మన దగ్గరున్నది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. దాని ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ. శిక్ష కనీసం 10 ఏళ్లు, 20 దాకా పోవచ్చు, లక్ష రూపాయలకి తగ్గని జరిమానా. బెయిలు కావాలంటే 37వ సెక్షన్ అడ్డం. ఇతను దోషి కాడని నమ్మడానికి కారణాలున్నాయని విచారణ మొదలవకముందే జడ్జి అనుకోవాలి. మామూలు నేరాల్లో 60, 90 రోజుల్లో వేయాల్సిన చార్జిషీటుకి ఇక్కడ 180 రోజుల గడువు. మరి తాగేవాడికి? 6 నెలల దాకా జైలు, లేకపోతే 10 వేల దాకా జరిమానా. చికిత్స చేయించుకుంటానని ముందుకొస్తే దాన్నించి కూడా మినహాయింపు ఉంది.

ఆ 20 కిలోలు అన్న అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కొండదారిలో ఒక మనిషి భుజం మీద ఎంత బరువు మోస్తాడు? ఇరవై, పాతిక. అంటే చట్టం దృష్టిలో బడా వ్యాపారి అనిపించుకోడానికి ఒక కూలీ ఒక ట్రిప్పు నడిస్తే చాలు. సరుకుకి పెట్టుబడి పెట్టినవాడు దాన్ని ముట్టుకోడు. ముట్టుకోడు కాబట్టి పట్టుబడడు. విత్తనం, అడ్వాన్సు అతను పంపుతాడు, పంట అతనే కొంటాడు, లారీ అతనిది. మధ్యలో చెక్‌పోస్టు తప్పించే నడక మాత్రం వేరేవాడిది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి కదా, నాకు ఇది బాగా పరిచయమైన డిజైన్ లాగే కనిపిస్తుంది. రిస్కంతా చివరి నోడ్ మీదికి తోసేసిన సిస్టమ్.

మా ఊరు అనకాపల్లి వైపే. 2022 ఫిబ్రవరి 12న మా దగ్గర కోడూరులో పోలీసులు 2 లక్షల కిలోల గంజాయిని పోగేసి తగలబెట్టారు. అంతకు ముందు నెలల్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికేశారు. ఆ రోజు నా ఫోన్‌కి వచ్చినవన్నీ జోకులే. "గాలి ఎటు వీస్తోందిరా?", "మీ ఊళ్లో ఇవాళ అందరూ హ్యాపీ కదా?" ఒకటి రెండు నేనే వేరేవాళ్లకి పంపించాను కూడా. 2 లక్షల కిలోలంటే 20 కిలోల మోతలు 10 వేలు. ఈ లెక్క వేయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఎందుకు పండిస్తారు, కాఫీ వేసుకోవచ్చుగా అంటారు మనవాళ్లు. వేస్తున్నారు. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చింది, పారిస్‌లో 2017 నుంచీ కొట్టు ఉంది. కానీ కాఫీ మొక్క నాటితే చేతికి పంట రావడానికి మూడు నాలుగేళ్లు, అది కూడా సిల్వర్ ఓక్ నీడ ఉంటేనే. రాగులూ సామలూ తల మీద పెట్టుకుని సంతకి దిగాలి. గంజాయి ఒక్క సీజన్లో డబ్బవుతుంది, కొనేవాడు గుమ్మంలోకొస్తాడు. రోడ్డు లేని ఊళ్లలో పురిటినొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ భుజాలే ఇవి కూడా మోస్తున్నాయి. ఇందులో నవ్వులాట ఎక్కడుంది? నాన్సీ ఇల్లు నిలబెట్టుకోడానికి గంజాయి అమ్మింది, అవతలావిడా అంతే కదా అంటే, నాన్సీ నిలబెట్టుకోవాలనుకున్న ఇంట్లో ఈత కొలనుంది.

ఇక 'ఘాటి'. 2025 సెప్టెంబర్ 5న వచ్చింది. దర్శకుడు క్రిష్, కథ చింతకింది శ్రీనివాసరావుది, శీలావతిగా అనుష్క. సినిమా ఆడలేదు. ఆడకపోయినా దానికి ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి. మోసేవాళ్లు వేరు, మోయించేవాళ్లు వేరు అని తెరమీద చెప్పింది. తెలుగు సినిమాలో గంజాయి అంటే అప్పటిదాకా హీరో స్నేహితుడు పొరపాటున పీల్చి పిచ్చివాగుడు వాగే సీను. ఆ లెక్కన ఇది పెద్ద అడుగే. కానీ తర్వాతేం చేసింది? ఆమెని దేవతని చేసింది. ప్రేమించినవాణ్ణి పోగొట్టుకుంటుంది, కత్తి పడుతుంది, తలలు తెగుతాయి. ఆ కొండల్లో ఆడమనిషి చేతికి అందనిది కత్తి కాదు, బెయిలు. దాని మీద మనకింకా సినిమా లేదు. అన్నట్టు శీలావతి నిజంగానే అక్కడ పండే గంజాయి రకం పేరు. పురాణంలో పతివ్రత. ఆ పేరు పెట్టినవాడెవడో గాని, ఈ మొత్తం వ్యవహారంలో అసలైన డార్క్ కామెడీ రచయిత వాడే.

సరే, అయితే గంజాయి మీద నవ్వకూడదా? నేనలా అనడం లేదు. ఎవరి మీద నవ్వాలన్నదే నా పేచీ. దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మేం ఆ రోజు ఘాట్ ఎక్కేముందు దాటిన జిల్లా విజయనగరం. 1892లో అక్కడ 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడారు. ఆడపిల్లల్ని అమ్మడం కొనడం కంటే చీకటి విషయం ఏముంది? గురజాడ దాన్నుంచి తెలుగులోకెల్లా గొప్ప కామెడీ తీశాడు. ఎవర్ని చూసి నవ్వుతాం? అమ్మే అగ్నిహోత్రావధాన్లని చూసి, కొనే లుబ్ధావధాన్లని చూసి, మధ్యవర్తి రామప్పంతుల్ని చూసి, కబుర్లు చెప్పే గిరీశాన్ని చూసి. సుబ్బిని చూసి నవ్వం. పెళ్లికూతురి వేషంలో మగపిల్లాణ్ణి అంటగట్టినప్పుడు పడే దెబ్బ కొన్నవాడి నెత్తిన పడుతుంది. ఈ ఒక్క సంగతి మన సిరీస్ రచయితలకి పట్టుబడితే చాలు.

కాబట్టి తెలుగు వీడ్స్ కోకాపేటలో తీయండి. ముప్పై రెండో అంతస్తు. మొగుడు పోయాడు, ఈఎమ్‌ఐ పోలేదు. ఆవిడ ఆర్గానిక్ రాగి బిస్కెట్ల కంపెనీ పెడుతుంది, డబ్బా మీద తలపాగా చుట్టుకున్న గిరిజనుడి బొమ్మ. వరలక్ష్మీ వ్రతం వాయినం సంచుల్లో సరుకు ఫ్లాటు ఫ్లాటుకీ చేరుతుంది. డ్రగ్స్‌కి నో చెప్పండి అని గేటుకి బ్యానర్ కట్టించిన అసోసియేషన్ సెక్రటరీయే ఆవిడ మొదటి కస్టమర్. వాచ్‌మన్ కొడుకు జేబులో బీడీకట్ట దొరికితే అత్యవసర మీటింగు పెడతారు. ఇంకా కావాలంటే మా టీమ్ లంచ్‌కి రండి, సంభాషణలు ఉచితంగా ఇస్తాను. నన్నూ వేసుకోండి అందులో. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో హాస్టల్ డాబా మీద నేనూ రెండు దమ్ములు లాగాను. అది ఎక్కణ్ణించి వచ్చిందో అడగాలన్న ఆలోచనే రాలేదు. మా ఇంటి నుంచి చూస్తే కనపడే కొండల నుంచి వచ్చిందది.

ఆదివాసీల్ని జాలిపడటానికి తప్ప నవ్వడానికి పనికిరానివాళ్లని చేస్తున్నావని ఒక స్నేహితురాలు ఈ వ్యాసం చిత్తుప్రతి చూసి అంది. మంచి ప్రశ్నే. కానీ నవ్వబడటం వేరు, నవ్వడం వేరు. హీలియా వంటింట్లో నవ్వేది హీలియా. పట్నంవాళ్లు కారు దిగి వలిసె పూల మధ్య సెల్ఫీ తీసుకుంటుంటే ఆ గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లు ఏమనుకుని నవ్వుకుంటారో నాకు తెలీదు గాని, నవ్వుకోవడం మాత్రం చూశాను. ఆ జోకు రాయగల రచయిత దొరికితే అరకులో తీయండి. అంతదాకా వద్దు.

తిరుగు ప్రయాణంలో నేను ముందు సీట్లో కూర్చున్నాను. విశాఖ స్టేషన్ దగ్గరికొచ్చాక, అడగాలా వద్దా అనుకుంటూనే, మీ బావమరిది దగ్గర ఎంత దొరికింది అని అడిగాను.

"ఇరవై రెండు కేజీలు సార్" అన్నాడు. కాసేపటికి తనే మళ్లీ, "రేషన్ బియ్యం తెమ్మంటే పది కేజీలకే కూలబడిపోయీవోడు సార్ మావోడు. ఇరవై రెండు ఎలా మోసేడో ఏటో" అని, పకపకా నవ్వాడు. వెనక ఎవరో ఏమైందని అడిగారు. ఏం లేదన్నాను.