అతికిన నోటు

పాత కాగితపు నోట్లను సేకరించువారు నోటు చేతికి వచ్చినతోడనే మడత యున్నదా, మరక యున్నదా యని చూతురు. మడతలేని నోటునకు వెల హెచ్చు. ఈ మర్యాద నాకు సమ్మతము కాదు.

విద్యార్థులారా! నోట్లను ప్రభుత్వమే వెలువరింపవలెనను నియమము మొదటినుండియు లేదు. అమెరికాలో 1863వ సంవత్సరమునకు పూర్వము ప్రయివేటు బ్యాంకులు వేనవేల రకముల నోట్లను ముద్రించినవి. బ్యాంకు దివాలా తీసినచో నోటు చిత్తుకాగితమే. ఏది మంచినోటో, ఏది దొంగనోటో తెలుపు పత్రికలను అచ్చటి వర్తకులు దగ్గర నుంచుకొనెడివారు. మనదేశమునందును 1861వ సంవత్సరపు చట్టము వచ్చువరకు కలకత్తా, బొంబాయి, మద్రాసు బ్యాంకులు స్వంతనోట్లను వెలువరించెడివి. వానిలో మద్రాసు బ్యాంకు 1843లో ఏర్పడినది. ఆ చట్టముతో నోట్ల హక్కు ప్రభుత్వమునకు సంక్రమించినది.

అయినను ప్రభుత్వపు నోటు సైతము దేశమంతట ఒక్కతీరుగా చెల్లలేదు. దేశమును మండలములుగా విభజించి, నోటుపై ఆ కేంద్రము పేరు ముద్రించిరి. మద్రాసునకు లోబడిన ఉపకేంద్రములలో మన విశాఖపట్నము ఒకటి! ఈ పేరుగల నోటును కలకత్తా వర్తకుడు పుచ్చుకొని తీరవలెనను నిర్బంధము లేదు. పుచ్చుకొన్నను వట్టము కోసికొనును. ఈ కట్టుబాటు 1903లో 5 రూపాయల నోటుతో సడలనారంభించి, 1911 నాటికి 100 రూపాయల నోటునకును తొలగినది.

వేయి వెండిరూపాయల బరువు 11 కిలోగ్రాములకు పైమాట. 1893లో వాల్తేరునకు రైలు వచ్చుటకు పూర్వము అంత వెండిని బండిపై దూరము పంపుట దొంగలను పిలిచినట్లే. కావున ఆనాడు వర్తకులు నోటును నడిమికి కత్తిరించి, ఒక సగమును టపాలో పంపి, అది చేరినట్లు జాబు వచ్చిన పిదపనే రెండవ సగమును పంపెడివారు. అందుకొన్నవాడు రెంటిని సరిచూచి, వెనుక కాగితపుముక్క నంటించి అతికెడివాడు.

ఇట్టి నోటును లోపము గలదని నేడు ప్రక్కకు నెట్టుచున్నారు. కొందరు అమ్మకందారులు పాతనోట్లను కడిగి, చదునుచేసి, కొత్తదనము తెచ్చిపెట్టుదురు. అది బాగుచేయుట కాదు, సాక్ష్యమును చెరుపుట. మడతలేని నోటు బహుశః పెట్టె దాటని నోటు. అతికిన నోటో, దూరముననున్న ఇరువురు వర్తకులు ఒకరినొకరు నమ్మియు, త్రోవను నమ్మక నడపిన వ్యవహారమును చూపును. పాఠ్యగ్రంథములు ఈ సంగతి చెప్పవు.

మీ యింట తాతల పెట్టెలో అట్టి కాగితము దొరకినచో తడుపకుడు, జిగురుపట్టీ అంటింపకుడు. దానిపైనున్న ఊరిపేరును, సంఖ్యను వేరొక పుస్తకమున వ్రాసికొని, ఎండ తగులనిచోట కాగితముల నడుమ భద్రపరచుడు. సగమే దొరకినను పారవేయకుడు.