కొయ్యలేక లిపి వంకరన్నారట!

"తెలుగు కష్టమండీ, ఇంగ్లీషులో పెట్టించేసుకోండి, కటింగ్ నీట్‌గా వస్తుంది." ఇంటి పేరు పలకకోసమో, పెళ్ళిమండపంలో పెట్టే పేర్లకోసమో లేజర్ కటింగ్ షాపుకి వెళ్తే ఈ మాట మీరూ వినే ఉంటారు. మనవాళ్ళు "అవును కాబోలు" అనుకుని ఇంగ్లీషుకి ఒప్పేసుకుంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఫైలు తయారుచెయ్యడం చేతకాక లిపిని తిట్టడం ఇది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

తెలుగులో విడిముక్కలు ఎక్కువట, కోస్తే రాలిపోతాయట. నిజమే, వత్తులు విడిగా ఉంటాయి, కొన్ని అక్షరాల తలకట్టూ విడిగా ఉంటుంది. మరి ఇంగ్లీషు ఐ మీద చుక్క, జె మీద చుక్క దేన్ని పట్టుకుని వేలాడుతున్నాయి? వాటికి మాత్రం వెనకాల పలక వేసి ముద్దుగా అంటిస్తారు. ఐ మీద చుక్కకి దొరికే మర్యాద మన తలకట్టుకి ఎందుకు దొరకదు?

మా బంధువులింటికి "పద్మ నిలయం" అని చేయించారు. వచ్చింది "వద్మ నిలయం". గుమ్మం ముందు నిలబడి చదివితే "వద్దమ్మా" అన్నట్టుంది :) జరిగిందేమిటంటే, ప తలకట్టు విడిగా ఊడొస్తోందని ఆపరేటరు దాన్ని ఒంటికి అతికించేశాడు. ప కీ వ కీ తేడా ఆ కాస్త సందేనని అతనికి తట్టలేదు. ఠ లో చుక్క రాలితే ర అయి కూర్చుంటుంది. ఇది అందం గొడవ కాదు, అక్షరదోషం. డేటాబేసులో పేరు తప్పుపడితే మార్చుకోవచ్చు, కోసేసిన చెక్కని ఏం చేస్తాం?

అసలు రోగం ఇంకా ముందే మొదలవుతుంది. కస్టమరు వాట్సాప్‌లో ఒక జేపెగ్ బొమ్మ పంపుతాడు. షాపాయన దాన్ని ఆటో ట్రేస్ చేసి మెషీన్‌కి ఎక్కిస్తాడు. మసకబొమ్మని ట్రేస్ చేస్తే నున్నటి సున్నా కాస్తా వందల బిందువుల రంపపుపళ్ళ చక్రం అవుతుంది. లేజర్‌కి తెలుగు రాదు, గీత ఎటుపోతే అటే పోతుంది. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?

పోనీ ఇదేమన్నా రాకెట్ తయారీయా అంటే అదీ కాదు. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంక్‌స్కేప్ కూడా ఉచితమే. పేరు టైపు చేసి అక్షరాలని పాత్‌గా మార్చాలి. అప్పుడు అవతలి కంప్యూటర్లో ఫాంటు లేకపోయినా ఫరవాలేదు. తరవాత అక్షరం, దానికి తగిలే గుడి, వత్తు ఒకదానిమీదొకటి ఎక్కినచోట యూనియన్ చెయ్యాలి. కోరెల్‌డ్రాలో దీన్నే వెల్డ్ అంటారు. ఇది చెయ్యకపోతే లేజర్ అక్షరం మధ్యలోంచి కోసుకుపోతుంది. తెరమీద రంగు నింపి చూస్తే ఈ గీతలు కనిపించవు, అవుట్‌లైన్ వ్యూలో చూడాలి. ఒకే గీత రెండుసార్లు పడిందేమో కూడా చూసుకోవాలి, పడితే అదే చోట రెండుసార్లు కాలుతుంది.

విడిముక్కల సంగతంటారా? వెనక పలకమీద అక్షరాల అంచులని లేజర్‌తోనే పల్చగా గీయించండి, ఏ ముక్క ఎక్కడ అంటించాలో అదే చెబుతుంది. లేదా అక్షరాన్నే రంధ్రంగా కోయించండి. అప్పుడు ప లో సందు చెక్కగానే మిగులుతుంది, కానీ ర లోపలి బిళ్ళ రాలిపోతుంది కాబట్టి దానికి సన్నటి వంతెనలు వదలాలి. రెంటిలో ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. లోపలి గీతలు ముందు, బయటి గీత ఆఖర్న కొయ్యాలి. బయటిది ముందు తెగితే ముక్క కదిలి లోపలివి గతి తప్పుతాయి.

కొలత ఇంకో తలనొప్పి. ఇంక్‌స్కేప్ 2017లో వచ్చిన 0.92 వెర్షన్‌తో అంగుళానికి 90 పిక్సెళ్ళ లెక్కని 96 చేసింది. పాత లెక్కలో గీసిన 300 మిల్లీమీటర్ల పలకని కొత్త లెక్కలో చదివితే 281 అవుతుంది. ఫైలులో ఒక పక్కన 100 మిల్లీమీటర్ల గీత పెట్టి, కోసేముందు షాపులో దాన్ని కొలిపించండి. అంతే.

షాపువాళ్ళ వాదన కూడా చెప్పుకోవాలి. "ఫైలు పనికి ఎవడిస్తాడు సార్ డబ్బులు?" అంటారు. న్యాయమే. చెక్కకిస్తాం, మెషీన్ టైముకిస్తాం, బుర్రపెట్టి చేసే పని మాత్రం ఊరికే రావాలి మనకి. టెస్టింగ్‌కి పైసా ఇవ్వనని, బగ్గొస్తే మాత్రం గోలపెట్టే క్లయింటుని మనం తిట్టుకోమూ? ఇక్కడ ఆ క్లయింటు మనమే. అందుకని ఫైలు తయారీకి విడిగా రేటు చెప్పమని అడుగుదాం, ఇద్దాం. ఇచ్చాక అవుట్‌లైన్ చూపించమని, అక్షరం అక్షరం చదువుకుని ఒప్పుకున్నాకే కొయ్యమని దబాయిద్దాం.

అంతేగానీ ఒక బద్ధకస్తుడి ఫైలుకోసం మన గుమ్మం మీద మన అక్షరాలు వదులుకోవడమేమిటండీ? ఈసారి ఎవరైనా "తెలుగు కటింగ్‌కి రాదు" అంటే ఒక్కటే అడగండి: "తెలుగు సంగతి తరవాత, ముందు మీ ఫైలు చూపించండి."

ఏమంటారు?