తలక్రిందుల టమాటా

ప్లాస్టిక్ బకెట్టు అడుగున చిల్లి పెట్టి, టమాటా మొక్కను తలక్రిందులుగా నాటి, బాల్కనీలో వ్రేలాడదీసే పద్ధతి మా అబ్దుల్లాపూర్‌మెట్ కొత్త కాలనీలకూ వచ్చింది. చోటు కలిసివస్తుందనీ, ఊతకర్ర అక్కరలేదనీ దాని సమర్థకుల వాదం. ఇంటిపట్టున నాలుగు కాయలు పండించుకోవాలన్న కోరిక మెచ్చదగినదే. పద్ధతిని మాత్రం నేను మెచ్చలేను.

మొక్కై వంగనిది మానై వంగునా అని మన సామెత. ఇక్కడ మొక్కే వంగనంటుంది. క్రిందికి వ్రేలాడిన కాండం కొద్ది రోజులలోనే కొనను పైకి త్రిప్పుకొంటుంది. వేరు క్రిందికీ, కాండం పైకీ సాగడం భూమ్యాకర్షణ వల్లనేనని 1806లోనే థామస్ ఆండ్రూ నైట్ తిరిగే చక్రానికి మొలకలు కట్టి చూపాడు. అలా మెలిక తిరిగిన కాండమే కాయల బరువు మోయాలి. పైగా మన ఎండలకు గాలిలో వ్రేలాడే గుప్పెడు మట్టి త్వరగా ఆరిపోతుంది. తడి ఒకనాడు హెచ్చి, ఒకనాడు తగ్గితే కాయ అడుగు నల్లబడి కుళ్ళుతుంది.

మన రైతు కర్రలు పాతి, తీగ లాగి, పురికొసతో మొక్కను నిలబెట్టి కడతాడు. ఇంట్లోనైనా పెద్ద కుండీ, ఒక ఊతకర్ర చాలు.

నా బాధ వేరు. టమాటా పండిన చెలకలు ప్లాట్లై, హద్దురాళ్ళ నడుమ ఏళ్ళ తరబడి బీడుగా పడి ఉన్నాయి. మట్టి మాత్రం బకెట్టులోకెక్కింది. ఇల్లు కట్టేదాకా ఆ స్థలాలలో నాలుగు సాళ్ళు వేసుకోనిస్తే యజమానులకు పోయేదేమి?