కొనుటయా, కూర్చుటయా?



ఆటలాడుకొనుటకు ఒక చవకపాటి కంప్యూటరు కావలెనంటే అంగడిలో సిద్ధముగా ఉన్నది కొనాలా, విడిభాగాలు తెచ్చి కూర్చుకోవాలా అన్న ప్రశ్న ఇప్పుడు మా నెల్లూరు తీరగ్రామాలకు కూడా వచ్చింది. తెలుగు పండితుడికి ఈ మీమాంస ఏల అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. విండోస్ 98 మీద తలకట్టు ఒకచోట, ఒత్తు మరొకచోట పడి మన అక్షరాలు చెల్లాచెదరై కనిపించిన రోజులు, ఎక్స్‌పీ వచ్చి గౌతమి ఖతి కుదిరేదాకా మనం పడిన తిప్పలు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో మనలో చాలామంది వాడినవి అసెంబుల్డు యంత్రాలే. మూత విప్పి, ర్యామ్ పలక పీకి, రబ్బరుతో తుడిచి మళ్ళీ గుచ్చని బ్లాగరు అరుదు. కనుక ఈ విషయంలో నోరు విప్పే అర్హత మనకు కొంత ఉన్నదనే నా నమ్మకం.

ప్రస్తుతం ఈ తర్కానికి కారణం మా మనవరాలు. తొమ్మిదో తరగతి. దానికి కావలసినది మైన్‌క్రాఫ్ట్. అన్నదమ్ముల పిల్లలు వచ్చినప్పుడు ఏదో ఒక క్రికెట్ ఆట. 2006లో వచ్చిన ఈఏ క్రికెట్ 07ను దాదాపు ఇరవై ఏళ్ళైనా మా వైపు కుర్రవాళ్ళు వదలలేదు, ఆ పట్టుదల పద్యాల మీద ఉంటే ఎంత బాగుండును! తెర ఇంట్లోనే ఉన్నది. తక్కిన వాటికి నా పింఛనులో మిగిల్చిన 45 వేలు. ఇంట్లో పెద్దల సలహా వేరు: "చదువుకని చెప్పి ఒక లాప్‌టాప్ కొనివ్వండి, ఆటలదేముంది, అందులోనే ఆడుకుంటుంది." ఈ "చదువుకని చెప్పి" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఆటకు కొనేదాన్ని ఆటకే అని చెప్పి కొనవచ్చు కదా. ఆట అనగానే మా బంధువులకు పేకాట స్ఫురిస్తున్నది. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. గడ్డపార పట్టుకొని చదరపు మట్టిగడ్డలు తవ్వి ఇల్లు కట్టుకునే ఆటకూ దానికీ ఏమి సంబంధం? జూదానికీ ఆటకూ భేదం చెప్పడానికి భారతం చదివిన జాతికి ఇంత శ్రమ అవసరమా?

సరే, యంత్రం సంగతికి వద్దాము.

ఇటువంటి తేలిక ఆటలకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ప్రాసెసరులోనే చిత్రాలు గీసే శక్తి ఇమిడి ఉన్నవి దొరుకుతున్నాయి. 2021లో వచ్చిన ఏఎండీ రైజెన్ 5 5600జి అటువంటిదే. ఆరు కోర్లు, 65 వాట్లు. దానికంటె బలమైన 8600జి 2024 జనవరిలో వచ్చింది గాని, దానికి ఖరీదైన డీడీఆర్5 ర్యామ్, కొత్త తరం మదర్‌బోర్డు కావాలి. మా లెక్కకు అది అందదు. ఇంటెల్ ప్రాసెసరు కొనేవారు పేరు చివర "ఎఫ్" అనే అక్షరం ఉన్నదేమో చూసుకోవాలి. ఉంటే అందులో గ్రాఫిక్స్ లేదని అర్థం. చవకగా వచ్చిందని ఇంటికి తెచ్చి తగిలిస్తే తెర నల్లగానే ఉంటుంది.

ఇక్కడ ఒక రహస్యం ఉన్నది. కొనుగోలుదారులకు అంగడివారు సాధారణంగా చెప్పరు. ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత జ్ఞాపకశక్తి లేదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. 3200 రకం డీడీఆర్4 పలక ఒక్కటే పెడితే సెకనుకు 25.6 గిగాబైట్లు నడుస్తుంది; రెండు పెడితే 51.2. అంటే 16 జీబీ ఒకే పలకగా ఉండడం వేరు, రెండు ఎనిమిదులుగా ఉండడం వేరు. మొదటిదానిలో ఆట కుంటుతుంది, రెండవదానిలో నడుస్తుంది. చవక ధరల బ్రాండెడ్ సిస్టముల్లో తరచుగా ఒక్క పలకే పెట్టి పంపుతారు. పెట్టె మీద మాత్రం జీబీల సంఖ్య పెద్ద అక్షరాలతో ఉంటుంది. దోషం లేని వాక్యంలో యతి తప్పినట్లు, చూపుకు కనబడదు, నడకలో తెలుస్తుంది.

అసలు నా పక్షపాతానికి కారణం మాత్రం వేగం కాదు, మా ఊరి గాలి. మైపాడు, కోడూరు, తూపిలిపాళెం, ఇస్కపల్లి, ఏ ఊరు తీసుకున్నా ఇనుప కిటికీ చువ్వలు ఎన్నేళ్ళు ఆగుతాయో తీరవాసులకు తెలుసు. ఉప్పు తేమ కంప్యూటరు లోపలి దుమ్ముతో కలిసి ముద్దకట్టి, అతుకుల మీద పేరుకుంటుంది. దానికి తోడు కరెంటు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా తీరం పక్కనే సాగి బాపట్ల దగ్గర నేల తాకింది. ఆ తరువాత మా వీధిలో కరెంటు వస్తూ పోతూ ఉండగా రెండిళ్ళలో కంప్యూటర్లు పోయాయి. రెండింటిలోనూ చచ్చినది ఒకే భాగం, ఎస్.ఎం.పి.ఎస్. ఒక ఇంటిలోనిది అసెంబుల్డు. వాళ్ళ అబ్బాయి నెల్లూరు వెళ్ళి కొత్తది తెచ్చి సాయంత్రానికి బిగించుకున్నాడు. రెండో ఇంటిలోనిది పేరున్న కంపెనీది. దాని ఎస్.ఎం.పి.ఎస్. ఆకారం వేరు, మదర్‌బోర్డుకు తగిలే పిన్నుల అమరిక వేరు, బజారులో దొరికేది ఏదీ పట్టదు. సర్వీసువారు తెప్పించేసరికి సంక్రాంతి దాటింది.

వ్యాకరణంలో ఆగమాన్ని మిత్రునితో, ఆదేశాన్ని శత్రువుతో పోల్చడం మనం పిల్లలకు చెబుతుంటాము. ఒకటి వచ్చి పక్కన చేరుతుంది. రెండోది ఉన్నదాన్ని వెళ్ళగొట్టి ఆ స్థానంలో కూర్చుంటుంది. ప్రామాణిక భాగాలతో కూర్చిన యంత్రానికి అన్నీ ఆగమాలే. ఈ యేడు ఒక ఎస్‌ఎస్‌డి, వచ్చే యేడు ఒక గ్రాఫిక్స్ కార్డు చేరుతుంది. కంపెనీవాడు తన కొలతలతో చేసిన చిన్న పెట్టెలో ఏది మార్చాలన్నా తక్కినవన్నీ కదలవలసిందే. లాప్‌టాపులైతే చెప్పనే అక్కరలేదు. చాలా వాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి పంపుతున్నారు.

ఐతే కూర్పు పక్షంవారు లెక్కలో దాచేది కూడా ఒకటి ఉన్నది. "అసెంబుల్డు చవక" అనే మాట పుట్టిన రోజుల్లో విండోస్‌కు ఎవరూ డబ్బు కట్టలేదు. అంగడి కుర్రవాడు జేబులోంచి ఒక సీడీ తీసి ఎక్కించి ఇచ్చేవాడు. బ్రాండెడ్ యంత్రం ధరలో ఆ లైసెన్సు సాధారణంగా కలిసే ఉంటుంది. మనం కూర్చితే అది అదనం. దొంగ సరుకు వద్దనుకుంటే ఆ కొన్ని వేలూ మన ఖాతాలో వ్రాసుకోవాలి, లేదా లినక్సుకు పోవాలి. మైన్‌క్రాఫ్ట్ జావా రూపం లినక్సు మీద చక్కగా ఆడుతుంది. 2018లో స్టీమ్‌వారు ప్రోటాన్ తెచ్చిన తరువాత విండోస్ ఆటలు కూడా చాలా వరకు నడుస్తున్నాయి. వాలరెంట్ వంటివి మాత్రం నడవవు. జీఎస్టీ విషయంలో భేదం లేదు. కొన్నా కూర్చినా 18 శాతమే. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామనేవారి మాట వినకండి. పెట్టెతో వచ్చే ప్రాసెసరుకు మూడేళ్ళ వారంటీ ఉంటుంది. ఆ కాగితం లేకపోతే అది లేనట్లే.

మరొక మూడో దారి. ఆఫీసులవారు వాడి తీసేసిన డెస్కుటాపులు చెన్నై రిచీ స్ట్రీటులో, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో బాగు చేసి అమ్ముతున్నారు. చవకే. తీసుకొనేవారు ఒక్కటి గమనించాలి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేక ఆపైది ఉండాలి. 6, 7 తరాల యంత్రాలు అంత అగ్గువకు రావడానికి అది కూడా ఒక కారణం. ఇంకా, ఆ సన్నటి పెట్టెల్లో పొట్టి గ్రాఫిక్స్ కార్డులే పడతాయి. అందులోని ఎస్.ఎం.పి.ఎస్. మళ్ళీ కంపెనీ కొలతదే, అంటే మా ఊరి జబ్బు తిరిగి అక్కడికే వచ్చింది.

ఇన్ని చెప్పినా, 2025 చివరి నెలల నుంచి ఈ లెక్కలన్నిటినీ తలక్రిందులు చేసినది ర్యామ్ ధర. ప్రపంచానికి ర్యామ్ చిప్పులు చేసేవారిలో పెద్దలు ముగ్గురే: సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ కేంద్రాలు అడిగినంత ఇచ్చి కొంటుంటే ఇంటివాడికి పలకలు చేయడం వారికి గిట్టుబాటు కాలేదు. మైక్రాన్ ఐతే 2025 డిసెంబరులో ఇళ్ళవారికి అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్నే మూసివేస్తున్నట్లు ప్రకటించింది. ఎక్కడో ఒక యంత్రం కవిత్వం వ్రాయడం నేర్చుకుంటున్నదట. దానికి ఇస్కపల్లిలో ఒక పిల్ల ఆటకు కావలసిన ర్యామ్ కావాలట! ఈ పరిస్థితిలో, పాత ధరలకు తెచ్చిపెట్టుకున్న బ్రాండెడ్ సరుకు ఏ అంగడిలోనైనా మిగిలి ఉంటే అది కూర్పు కన్నా చవకగా పడవచ్చు. స్క్రూడ్రైవరు పట్టే ఓపిక లేనివారు, ఊరికి దగ్గరలో సర్వీసు ఉన్నవారు అదే కొనండి. నేను వద్దనను.

మా ఇంటిలో మాత్రం కూర్పే అని నిర్ణయించాను. ఎస్‌ఎస్‌డి ఒక టీబీ అనుకున్నది 500 జీబీకి తగ్గించి, ర్యామ్ మాత్రం రెండు ఎనిమిదులే. మదర్‌బోర్డు, ఎస్.ఎం.పి.ఎస్. నెల్లూరులోనే, రిచీ స్ట్రీటులో నాలుగు వందలు తక్కువైనా సరే, చెడినప్పుడు చెన్నై రైలు ఎక్కవలసిన పని ఉండకూడదు. ముందుగా ఎర్తింగు సరిచూపించి, 600 వీఏ యూపీఎస్ ఒకటి.

కూర్చేది మనవరాలే. దీని మీదనే ఇంట్లో ఎక్కువ వాదన జరిగింది. మా తీరంలో మగపిల్లలు పదేళ్ళకే బోటు ఇంజను విప్పుతారు, రొయ్యల గుంటల దగ్గర ఏరేటరు మోటారుకు బేరింగులు మారుస్తారు. ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చిన ఇల్లు నేను పంతులుగా తిరిగిన ఊళ్ళలో ఎక్కడా చూడలేదు. "పాడుచేస్తే డబ్బు పోతుంది" అన్నది మా కోడలు. మాట నిజమే, ప్రాసెసరు వంకరగా పెట్టి నొక్కితే దాని అడుగున ఉన్న సన్నటి పిన్నులు వంగుతాయి. అది ఒక్కటి నేను దగ్గర ఉండి చూస్తాను. తక్కినవి తప్పుగా పెట్టాలన్నా సాధారణంగా పట్టవు, గాడులు వేరువేరు. భాగాల పట్టిక తానే తెలుగులో వ్రాసుకున్నది. "థర్మల్ పేస్టు" పక్కన "బియ్యపు గింజంత" అని కూడా వ్రాసింది. కందిగింజంత అని చదివాను నేను, ఇద్దరిలో ఎవరిది ఒప్పో కూర్చేనాటికి తేలాలి.

ఇంకా తెగనిది క్యాబినెట్టు ఒక్కటే. పక్కన గాజు పలక, లోపల రంగురంగుల దీపాలు ఉన్నది కావాలని ఆమె. ముందు జాలీ, దాని వెనుక విప్పి కడుగుకునే దుమ్ము వడపోత ఉన్న సాదాది చాలని నేను. దీపాలు లేకుండా గాజు, గాజుతోపాటు వడపోత ఉన్నది ఏదైనా మీ ఎరుకలో ఉంటే తెలుపగలరు. ఆదివారం నెల్లూరు వెళుతున్నాము.