పట్నం తన చావుల లెక్క తీసింది, మన ఊరి లెక్క ఎవరు తీస్తారు?

ఎండలు ముదిరాయంటే పేపర్లో రెండు ముక్కల వార్త వస్తుంది. ఫలానా ఊళ్లో వడదెబ్బకు ఒకరు మృతి. చదివి పక్కన పెట్టేస్తాం. ఆ పోయిన మనిషి చాలాసార్లు మనలాంటివాడే. కళ్లంలో ధాన్యం ఎగదోస్తున్న ఆసామో, మిరప కోతకు పోయిన ఆడకూలీయో, గొర్రెల వెంట తిరిగే ముసలాయనో అయి ఉంటాడు. 'ఎండాకాలం కదా, ఏం చేస్తాం' అనుకుంటాం. అహ్మదాబాద్ వాళ్లూ ఒకప్పుడు అలాగే అనుకున్నారు. తరవాత వాళ్లేం చేశారో రైతు సోదరులకు చెప్పాలనిపించింది.

2010 మే నెలలో గుజరాత్‌లోని ఆ పట్నం నిప్పుల కుంపటి అయింది. ఒక రోజున 46.8 డిగ్రీలు నమోదైంది. ఆ తరవాత పరిశోధకులు పెద్ద యంత్రాలేమీ తేలేదు. కార్పొరేషన్ వారి మరణాల రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు. 2010 మే నెలలో ఎంతమంది పోయారు, 2009, 2011 సంవత్సరాల్లో అదే నెలలో ఎంతమంది పోయారు అని పోల్చి చూశారు. 1,344 మంది ఎక్కువ తేలారు. ఇవన్నీ వడదెబ్బ అని రాసినవి కావు. గుండె ఆగిందనో, వయసు మీదపడిందనో రాసేసిన చావులు కూడా ఈ లెక్కతో ఎండ ఖాతాలోకి వచ్చాయి.

లెక్క కళ్లబడ్డాక ఊరుకోవడం ఎవరికైనా కష్టమే. 2013లో గాంధీనగర్‌లోని ప్రజారోగ్య సంస్థ తదితరులతో కలిసి కార్పొరేషన్ ఎండల ప్రణాళిక తయారు చేసింది. దక్షిణాసియాలో అలాంటిది అదే మొదలు. అందులో నాకు నచ్చింది ఒకటే. ఎండ ఏ స్థాయికి వస్తే ఎవరు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్నారు. 45 డిగ్రీలు దాటుతుందంటే ఎర్ర హెచ్చరిక. అది రాగానే కబురు అందరికీ చేర్చే బాధ్యత ఒక అధికారిది. ఆసుపత్రులు, అంబులెన్సులు, నీళ్ల సరఫరా, ఎవరి పని వారికి ముందే తెలుసు. కార్పొరేషన్ ఆసుపత్రి ఒకదానిలో ప్రసూతి వార్డు పై అంతస్తులో, కప్పు కిందే ఉండేది. పసిబిడ్డలు వేడికి జబ్బుపడుతున్నారని గమనించి దాన్ని కింది అంతస్తుకు మార్చారు. అంతే, వేడివల్ల జబ్బుపడే బిడ్డలు తగ్గారు. దీనికి కోట్లు కావాలా చెప్పండి?

ఈ ప్రణాళికవల్ల ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పి ఉంటాయని 2018లో అచ్చయిన అధ్యయనం ఒకటి చెప్పింది. అంచనాయే సుమా. అయినా చిన్న సంఖ్య కాదు.

ఇప్పుడు పెద్ద పట్నాలన్నీ వాతావరణ మార్పుకు ప్రణాళికలు రాసుకుంటున్నాయి. ముంబయి 2022లో, చెన్నై, బెంగళూరు 2023లో తమవి విడుదల చేశాయి. కరెంటు, బస్సులు, చెత్త, వరద నీరు అన్నీ వాటిలో ఉన్నాయి. పట్నం చేసిందల్లా గొప్పేనని నేననడం లేదు. ఢిల్లీలోని ఒక పరిశోధన సంస్థ 2023లో దేశంలోని 37 ఎండల ప్రణాళికలను చదివి చూసింది. డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న మాట ఎత్తినవి 11 మాత్రమే. ఎవరికి ఎక్కువ ముప్పో పద్ధతిగా లెక్క తీసినవి రెండే రెండు. మిగతావి చాలావరకు కాగితాలు. మన పంచాయతీల్లో తీర్మానాలు రాసుకున్నట్టే!

మన సంగతికి వద్దాం. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా ఎండకు బలైనట్టు ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఆ దెబ్బతో రాష్ట్రాల స్థాయిలో ప్రణాళికలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏ మండలంలో వడగాడ్పులు వీస్తాయో ముందురోజే చెబుతున్నారు. మంచిదే, కాదనను. కానీ ఆ కబురు సెల్‌ఫోనుకు వచ్చాక మీ ఊళ్లో ఏం జరుగుతోంది? మొన్నామధ్య ఒక కొనుగోలు కేంద్రానికి వెళ్లాను. గోనె సంచులు రాలేదని ఆసాములు ధాన్యం రాశుల దగ్గర మిట్టమధ్యాహ్నం కాపు కాస్తున్నారు. నీడకు ఒక్క పందిరి లేదు. కుండ ఉంది, నీళ్లు లేవు. ఆ రోజు హెచ్చరిక అందరి ఫోన్లలోనూ ఉంది.

పట్నంలో కూలివాడికి పని ఆపమని చెప్పడానికి మేస్త్రీ ఉంటాడు. ఎకరం, రెండెకరాల రైతుకు ఎవరున్నారు? మనమే ఆసామి, మనమే కూలీ. కౌలు కట్టాలి, కోత పూర్తవ్వాలి, మబ్బు పడితే ధాన్యం తడుస్తుంది. అంచేత రోహిణి కార్తె ఎండలోనూ కళ్లం వదలం. దీన్ని మొండితనం అనేవాళ్లకు అప్పు తెలియదు.

పట్నం నుంచి మనం నేర్చుకోవలసింది ఆ రిజిస్టరు ముందేసుకోవడమే అని నా అభిప్రాయం. జనన మరణాల రిజిస్టరు మీ పంచాయతీలోనూ ఉంది. గడిచిన ఐదేళ్లలో ఏప్రిల్, మే నెలల్లో ఎంతమంది పోయారు, మిగతా నెలల్లో ఎంతమంది పోయారు, చూడమనండి. ఒక్క ఊరి లెక్కతో తేలదు, అంకెలు చిన్నవి. మండలంలోని ఊళ్లన్నీ కలిపితే ఎండ చేసిన పని బయటపడుతుంది. ఆ లెక్క చేతిలో ఉంటే పందిరి, నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, కొనుగోలు కేంద్రం వేళల మార్పు అడగడానికి నోరు వస్తుంది. హెచ్చరిక వచ్చిన రోజు ఈ పనులన్నీ ఎవరు చూస్తారో, ఆ మనిషి పేరు పంచాయతీ గోడమీద రాయించండి.

రాయించడంలో ఇంకో లాభం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుల్లో చేర్చి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. వడదెబ్బ అని కాగితం మీదికి ఎక్కని చావుకు ఆ సాయం ఎలా వస్తుంది? 'ముసలాయన, పోయాడు' అని దహనం చేసేసి, ఆనక ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మీ ఎరికలోనూ ఉండే ఉంటారు. ఈలోగా చేలో ఎవరైనా ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

ఇంటి కప్పుకు తెల్ల సున్నం కొట్టడం కూడా అహ్మదాబాద్ చేసిన పనే. తెలంగాణ 2023లో కప్పులు చల్లబరిచే విధానమే తెచ్చింది. రేకుల ఇంట్లో పడుకునేవాళ్లకు, రేకుల కొట్టంలో కట్టేసిన గేదెకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. కూలి మనదే అయితే సున్నానికి పెద్ద ఖర్చు కాదు.

వచ్చే గ్రామసభకు ఆ మరణాల రిజిస్టరు తెమ్మని కార్యదర్శిని అడగండి. మాఘ, ఫాల్గుణాల్లోనే అడగండి. రోహిణి కార్తెలో అడిగితే వినడానికి ఆయనకూ ఓపిక ఉండదు, నిలబడి అడగడానికి మనకూ ఉండదు.